గియాసుద్దీన్ నాలుక

మెల్‌బోర్న్ శివార్లలోని వెర్రిబీలో గానీ, పక్కనున్న టార్నీట్‌లో గానీ, తెలిసినవాళ్ళ ఇంట్లో ఎవరైనా వేటాడి తెచ్చిన మాంసం వండితే మొదటి ముక్క గియాసుద్దీన్ నోట్లో పడాల్సిందే. అతను నమిలి, మింగి, మాట చెప్పేదాకా మిగతావాళ్ళు కంచంలో చెయ్యి పెట్టేవారు కాదు. అదంతా గౌరవమే అనుకునేవాడు గియాసుద్దీన్. అందులో సగం భయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

అతనిది వినుకొండ. తండ్రి సంతరోజుల్లో మేకల్ని కోసేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మెల్‌బోర్న్ వచ్చిన మూడో నెలలో ఒక మాంసం ఫ్యాక్టరీలో ఎముకలు తీసే పనికి కుదిరాడు. పద్దెనిమిదేళ్ళపాటు అదే బల్ల ముందు నిలబడి గొర్రెల తొడలూ జబ్బలూ విప్పాడు. మణికట్టు పట్టేసి కత్తి పట్టుకోవడం కష్టమయ్యాక ఆ పని మానేశాడు. ఇక మిగిలింది వేట. అప్పటికే రైఫిల్ లైసెన్సుంది. నాలుగు గంటల దూరంలో, మాన్స్‌ఫీల్డ్ దాటాక, కెవిన్ అనే ముసలి రైతు తన పొలంలోకి దూరిన జింకల్ని కొట్టుకోమని గేటు తాళంచెవి కూడా ఇచ్చాడు.

నోట్లో ఒక్క ముక్క వేసుకుంటే చాలు, ఆడదో మగదో చెప్పేవాడు. ఎన్నేళ్ళదో చెప్పేవాడు. పొలంలో పచ్చిక మేసిందో, కొండమీద పొదలు నమిలిందో చెప్పేవాడు. అన్నిటికన్నా జనాన్ని వణికించింది, అది ఎలా చచ్చిందో చెప్పడం. గుండెలో తగిలి నిలబడ్డచోటే కూలినదాని మాంసం మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. భయపడి పరిగెత్తి పరిగెత్తి చచ్చినదాని మాంసం నల్లబడి జిగటగా ఉంటుంది, నాలుక మీద ఇనుప రుచి వదులుతుంది. పేగుల్లో గుండు దిగితే ఎన్ని నీళ్ళు పోసి కడిగినా, ఎంత అల్లంవెల్లుల్లి దట్టించినా, ముక్క చివర్లో ఆ చేదు తగులుతూనే ఉంటుంది. ఇవన్నీ తనకి తెలుసని అతనికి మహా గర్వం.

"సర్కారు సీజన్ వేరు, నోటి సీజన్ వేరు," అనేవాడు దాసుతో. దాసుది చిలకలూరిపేట. డెలివరీ ట్రక్కు నడుపుతాడు, పన్నెండేళ్ళుగా గియాసుద్దీన్‌తో వేటకి వెళ్తున్నాడు. "చట్టం అడ్డం లేదు కదా అని జనవరి ఎండల్లో పోతావా? కిందపడ్డ రెండు గంటలకే ఈగలు గుడ్లు పెట్టేస్తాయి. మార్చిలో ఆడ జింకని కొట్టు. గడ్డి తిని వీపు మీద వేలెడు మందం కొవ్వు పట్టి ఉంటుంది. ఏప్రిల్లో మాత్రం పోతుల జోలికి పోవద్దు. మదమెక్కి తమ ఉచ్చలో తామే పొర్లుతుంటాయి. ఆ కంపు ఎముక దాకా దిగుద్ది. జూన్ జులై చలిలో సాంబర్."

సాంబర్ అంటే నల్లమలలో తిరిగే కణితే. ఎప్పుడో ఓడల్లో తెచ్చి ఇక్కడి కొండల్లో వదిలేస్తే పెరిగిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా గియాసుద్దీన్‌కి సొంత మనిషి కనబడ్డట్టుండేది. గురి చూసి బిస్మిల్లా అని కొట్టేవాడు. ఒక్క గుండే. పరుగున వెళ్ళి, ఊపిరుండగానే గొంతు కోసేవాడు. గురి కుదరకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టేవాడు కాదు. రోజంతా కూర్చుని ఉత్తచేతులతో తిరిగొచ్చిన రోజులు ఎన్నో.

జంతువు విషయంలో ఇంత జాగ్రత్తపడే మనిషి, మనుషుల విషయంలో ఆ జాగ్రత్తలో పదోవంతు చూపించలేదు.

భార్య జుబేదా ముప్పై రెండేళ్ళు అతనికి వండిపెట్టింది. మూత తీసి వాసన చూసి, మాట్లాడకుండా మళ్ళీ మూత పెట్టేస్తే ఆ పూట అతను తినడన్నమాట. కొన్నిసార్లు గిన్నె పట్టుకెళ్ళి పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో కుమ్మరించేవాడు. "నీకు చచ్చిన దాని మీద జాలి లేదు," అనేవాడు. "ప్రాణం పోగొట్టుకుని మన వంటింట్లోకి వచ్చింది. దాన్ని మాడ్చి పెడతావా?" జుబేదా గిన్నె కడిగి బోర్లించేది. ఎప్పటినుంచో ఆమె అతనితో కలిసి కూర్చుని తినడం మానేసింది. ఆ సంగతి అతను గమనించలేదు.

కూతురు అమ్రీన్ నర్సు. ఆమెని గుంటూరు కుర్రాడు అమాన్‌కి ఇచ్చి చేశారు. అమాన్ సిటీలో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూస్తాడు. మెత్తని మనిషి, మామగారి దగ్గర మంచి పేరు తెచ్చుకోవాలని ఆరాటం. పెళ్ళయిన ఏడాది, అంటే రెండువేల పదిహేడు నవంబరులో, ఆఫీసు స్నేహితులతో కొండల్లోకి వేటకి పోయాడు. మొదటిసారి. ఆడ సాంబర్‌ని కొట్టి, జబ్బ మాంసం ఐస్‌పెట్టెలో సర్దుకుని నేరుగా మామగారింటికే తెచ్చాడు. జుబేదా ఇగురు చేసింది. ఆ ఆదివారం ఇంట్లో ఇరవైమంది.

గియాసుద్దీన్ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. రెండుసార్లు నమిలి, వేళ్ళతో తీసి కంచం అంచున పెట్టాడు.

"గుండు ఎక్కడ తగిలింది?"

"ఛాతీలో మామా."

"ఇంకోసారి చెప్పు."

అమాన్ నవ్వబోయాడు. చుట్టూ ఎవరూ నవ్వలేదు.

"పొట్టలో తగిలింది," అన్నాడు గియాసుద్దీన్. "పేగులు పగిలాయి. ఎంతసేపు పరిగెత్తింది?"

"ఒక... అరగంట ఉంటుందేమో."

"రెండు గంటలు. పైగా పాలిస్తున్న తల్లి. పిల్లేదీ?"

అమాన్ తల వంచుకున్నాడు. "పొదల్లోకి పారిపోయింది మామా. మేం చూసేసరికే..."

"ఎక్కడికి పోద్ది? తల్లి పడ్డచోటే చుట్టూ తిరుగుతా ఉంటది. రెండ్రోజుల్లో అడవికుక్కలు పీకేసి ఉంటాయి." తన ముందున్న కూర గిన్నె అల్లుడి వైపు జరిపాడు. "తిను."

"మామా..."

"నువ్వు చంపిందే కదా. గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవొద్దు."

"అబ్బా, ప్లీజ్, స్టాప్ ఇట్," అంది అమ్రీన్ తండ్రితో, కుర్చీలోంచి లేస్తూ.

"నువ్వు కూచో."

ఇరవైమంది చూస్తుండగా అమాన్ ఆ గిన్నెడు కూర తిన్నాడు. మధ్యలో ఒకసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆగాడు. గియాసుద్దీన్ చూపు తిప్పలేదు. ఆఖరి ముక్క మింగాక అమాన్ లేచి బాత్రూంలోకి వెళ్ళాడు. లోపల కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది. ఆ జంతువుకి తన చేతనైన న్యాయం చేశానని గియాసుద్దీన్ మనసు తేలికపడింది.

తర్వాత ఆరేళ్ళకి పైగా అమాన్ మామగారికి తన వేట తేలేదు. కానీ వేట మానలేదు. దాసు వెంట తిరిగి నేర్చుకున్నాడు. గురి కుదిరింది. మాట తగ్గింది.

రెండువేల ఇరవైమూడు జులైలో గియాసుద్దీన్‌ ఇంట్లో అందరికీ జ్వరాలొచ్చాయి. అందరూ వారంలో లేచారు. గియాసుద్దీన్ కూడా లేచాడు, కానీ లేచిన రోజు తాగిన టీ వేడినీళ్ళలా ఉంది. అత్తరు సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. వంటింట్లోకి వెళ్ళి పచ్చి వెల్లుల్లి రెబ్బ నమిలాడు. మంట తెలిసింది, వెల్లుల్లి తెలియలేదు. ఉప్పు, కారం, పులుపు మాత్రం పైపైన తగులుతున్నాయి. వాటి వెనకాల ఉండాల్సింది మొత్తం ఎవరో ఊడ్చేసినట్టు పోయింది.

డాక్టరు చిన్నపిల్ల. కంప్యూటర్ వైపు చూస్తూ చెప్పింది. కొంతమందికి ఆరు నెలల్లో తిరిగొస్తుందట. కొంతమందికి రాదట. ఇంట్లోవాళ్ళకి చెప్పుకుంటే మంచిదని, గ్యాసు, పొగ, పాడైన తిండి తెలియవు కాబట్టి ప్రమాదమని చెప్పింది. గియాసుద్దీన్ తలూపి బయటికొచ్చాడు. ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి తొమ్మిది నెలలు అతను కళ్ళతో తిన్నాడు. పచ్చి మాంసం ముందే చూసుకునేవాడు. కొవ్వు రంగు, పోగుల మందం, ఎముక అంచు, అన్నీ చూసి మాట తయారుచేసుకునేవాడు. ఎక్కడ కొట్టారు, ఎన్నింటికి కొట్టారు అని మాటల్లో పెట్టి లాగేవాడు. ఏమీ దొరకనప్పుడు తప్పు పట్టేవాడు. మెచ్చుకుంటే ఎందుకని అడుగుతారు. తిడితే ఎవరూ అడగరు. అలా ముందుకన్నా కటువుగా తయారయ్యాడు.

నవంబరులో దాసు ఒక తొడ తెచ్చాడు. గియాసుద్దీన్ తిని మొహం చిట్లించాడు. "బాగా బెదిరించి చంపావు దీన్ని."

దాసు అతని మొహంలోకి చూశాడు. ఆ జింక దాసు కళ్ళ ముందే, పచ్చిక నోట్లో ఉండగానే, తలెత్తకుండా కూలింది. "సర్లే అన్నా," అన్నాడు దాసు. అన్నకి రుచి తెలియట్లేదని ఆ వారంలోనే అమాన్‌కి చెప్పాడు.

జుబేదాకి అంతకన్నా ముందే తెలుసు. ఒకరోజు ఆమె బజారు నుంచి వచ్చేసరికి పొయ్యి మంట ఆరిపోయి గ్యాసు బుసకొడుతోంది. పక్కనే కుర్చీలో కూర్చుని గియాసుద్దీన్ ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమె గబగబా తలుపులన్నీ తెరిచి, నాబ్ కట్టేసి, అతని వైపు చూసింది.

"ఏంటి?" అన్నాడు.

"ఏం లేదు. గాలాడట్లేదు."

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం కూర వడ్డించింది. అతను తింటూ, ఈమధ్య చాలా తిట్టానేమో అనుకున్నాడు. చల్లగా ఉన్నా ఉప్పూ కారం సరిగ్గానే ఉన్నాయి. "ఇవాళ బాగా కుదిరింది జుబేదా," అన్నాడు.

గరిటె ఆమె చేతిలో ఆగిపోయింది. "ఏమన్నారు?"

"బాగుందన్నా."

ఆమె గరిటె సింకులో పెట్టి పెరట్లోకి వెళ్ళింది. ఆరేసిన బట్టల మధ్య అటు తిరిగి నిలబడింది. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి మెచ్చుకున్నాను, సంతోషం పట్టలేక ఏడుస్తోంది కాబోలు అనుకున్నాడు గియాసుద్దీన్.

ఏప్రిల్ రెండో వారంలో అమాన్ ఫోన్ చేశాడు.

"మామా, సండే మధ్యాహ్నం మా ఇంట్లో బార్బెక్యూ పెట్టుకున్నాం. మీరు తప్పకుండా రావాలి. నా వేట మీరు తిని ఆరేళ్ళు దాటింది. ఈసారి ఎలా ఉందో చూసి చెప్పండి."

గియాసుద్దీన్‌కి పాత సంగతి అల్లుడు మర్చిపోయాడనిపించింది. "వస్తాను నాయనా," అన్నాడు. అల్లుణ్ణి నాయనా అని అంతకుముందెప్పుడూ పిలవలేదు. ఆదివారం వెర్రిబీ నుంచి టార్నీట్‌కి కారు నడుపుకుంటూ వెళ్తూ, ఆ ముక్క ఎలా ఉన్నా సరే మెచ్చుకోవాలని నిశ్చయించుకున్నాడు. జుబేదా కారులో లేదు. వంటలో సాయానికని ఆమె పొద్దున్నే వెళ్ళింది.

అమాన్ ఇంటి పెరట్లో నలభైమంది దాకా ఉన్నారు. షెడ్డు నీడలో ఒక కుర్చీ, దాని ముందు చిన్న బల్ల, అతనికోసమే వేశారు. అమాన్ చేతులు కడిగించాడు. అమ్రీన్ కంచం తెచ్చి పెట్టి, తండ్రి మొహం వైపు చూడకుండా వెనక్కి తగ్గింది. మసాలా ముదురు రంగులో ఉండటంతో ముక్క రంగు కనబడలేదు. పోగులు ముతకగా ఉన్నాయో మెత్తగా ఉన్నాయో తెలియకుండా చిన్నచిన్నగా తరిగి ఉంది. మాటలు ఆగాయి. ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తారు. వేడుక కదా, తీసుకోనీ అనుకున్నాడు.

ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు ఉంది. కారం ఉంది. కాస్త గట్టిగా ఉంది. నిదానంగా నమిలి మింగాడు.

"ఆడది," అన్నాడు. "రెండేళ్ళు దాటి ఉండదు. పొలం గడ్డి తిన్నది. గుండెలో ఒకటే గుండు, ఎవరు కొట్టారో కూడా దానికి తెలిసి ఉండదు." అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంత మంచి ముక్క నేను తిని చాలా కాలమైంది అమాన్. ఆ రోజు నేను నిన్ను... పోనీలే. నాకన్నా గొప్పవాడివయ్యావు."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇంకొంచెం వేయమంటారా మామా?"

"వెయ్యి."

అమాన్ గరిటెడు వేశాడు. గియాసుద్దీన్ తింటున్నాడు. అప్పుడు గమనించాడు, మిగతావాళ్ళ కంచాల్లో అన్నీ కోడిముక్కలు. తన బల్లకి దగ్గరగా ఎవరూ నిలబడలేదు. అమ్రీన్ కూతురు ఇక్రా, ఆరేళ్ళ పిల్ల, రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని వచ్చి తాతకి ఎదురుగా నిలబడింది.

"నానా, హౌ కెన్ యు ఈట్ దట్? ఇట్ స్మెల్స్ లైక్ టాయిలెట్."

నవ్వులు ఒక్కసారిగా పేలాయి. కొందరు కుర్చీల మీదకి వంగిపోయి నవ్వారు. అమాన్ మాత్రం నవ్వలేదు. షెడ్డు పక్కనున్న ఐస్‌పెట్టె దగ్గరికి వెళ్ళి మూత తీసి, కొమ్ములు పట్టుకుని తల పైకెత్తాడు. ముదురు పోతు. మెడ ఉబ్బి, గొంతు కింద వెంట్రుకలు ఉచ్చలో తడిసి తడిసి నల్లగా అట్టకట్టి ఉన్నాయి. దగ్గరున్న ఇద్దరు ముక్కులు మూసుకుని దూరంగా జరిగారు.

"ఏడేళ్ళ పోతు మామా. ఏప్రిల్ మాసం. ఇల్లంతా కంపు కొడుతుంటే మీకు ఆడదానిలా అనిపించిందా?"

గియాసుద్దీన్ చేతిలో ముద్ద అలాగే ఉంది. వంటింటి గుమ్మం వైపు చూశాడు. జుబేదా అక్కడ నిలబడి ఉంది.

"నువ్వే వండావా?"

"నేనే వండాను," అంది జుబేదా. "ముక్కుకి గుడ్డ కట్టుకుని వండాను."

నవ్వులు ఇంకా సాగుతున్నాయి. గియాసుద్దీన్ ముద్దని కంచంలో పెట్టాడు. అల్లుడి చేతిలో వేలాడుతున్న తల వైపు చూశాడు. దాని నాలుక పక్కకి వేలాడి, పళ్ళ మధ్య కరుచుకుపోయి ఉంది. నిలబడ్డచోటే పడ్డ జంతువు నాలుక అలా ఉండదు.

"గుండు ఎక్కడ తగిలింది?" అని అడిగాడు.

అమాన్ దాసు వైపు చూశాడు. గియాసుద్దీన్ దాసు వైపు తిరిగాడు. దాసు కంచె దగ్గర నేల చూస్తూ నిలబడి ఉన్నాడు.

"దాసూ, నువ్వు చెప్పు."

"వద్దన్నా అన్నా," అన్నాడు దాసు. "నేను వద్దనే చెప్పా. వినలేదు."

"పొట్టలో కొట్టాను," అన్నాడు అమాన్. గొంతు పెరిగింది. "కావాలనే కొట్టాను. ముక్కు పోయినా నాలుకకి తెలుస్తుందేమో, చేదు తగిలి తినడం ఆపుతారేమో చూద్దామని. నూరు మీటర్ల దూరంలో అడ్డంగా నిలబడింది, గుండెలో కొట్టగలిగేవాణ్ణి. పొట్టలో కొట్టాను. మూడు గంటలు నడిచాం దాని వెనకాల. వాగు దగ్గర పడుకుని ఉంటే అప్పుడు కోశాను. అయినా మీకు తెలియలేదు!"

నవ్వులు చప్పున ఆగాయి. ఒకతను ఫోన్ దించేశాడు. ఇంకొకతను దించలేదు. ఈ సంగతి అమ్రీన్‌కి చెప్పలేదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. ఇక్రా చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళి అద్దాల తలుపు మూసుకుంది.

గియాసుద్దీన్‌కి అల్లుడి మీద కోపం రావాల్సింది. రాలేదు. ఆ మూడు గంటల నడక అతని కళ్ళ ముందు కదిలింది. పేగులు ముళ్ళకంపలకి తగులుకుంటూ, నీళ్ళ వాసన పట్టుకుని, వాగు దాకా దేక్కుంటూ పోయిన జంతువు. మనిషి మీద కక్షతో చంపిన జంతువు. ఆ మనిషి తను.

కంచం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టాడు. ఎవరూ తినమనలేదు. "మామా, చాలు," అన్నాడు అమాన్ మెల్లగా. గియాసుద్దీన్ ఆగలేదు. గిన్నెలో మిగిలింది కూడా కంచంలో వంపుకున్నాడు. ఒక్కొక్కరే పెరట్లోంచి లేచి వెళ్ళిపోతుంటే, ముక్కా ముక్కా నమిలి, ఎముకలు పక్కన పేర్చి, అంతా తిన్నాడు. చేతులు కడుక్కుని, సొంతంగా కారు నడుపుకుని ఇంటికి వచ్చాడు. సాయంత్రం నుంచి రెండు రోజులు వాంతులు తగ్గలేదు. అమ్రీన్ ఆస్పత్రి నుంచి మందులు పంపింది. తను రాలేదు.

ఆ వీడియో అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది. ఇరవై ఆరు సెకండ్లు. "ఆడది, రెండేళ్ళు దాటి ఉండదు" దగ్గర మొదలై, కొమ్ముల తల దగ్గర ఆగుతుంది. ఆ తర్వాతి మాటల్ని ఎవరో కత్తిరించేశారు. మసీదులో పక్కన నిలబడ్డవాళ్ళు సలాం చెప్పి పెదాలు బిగించుకునేవారు. ముక్క చూసి చెప్పమని ఇక ఎవరూ పిలవలేదు. పోతుల్ని కొట్టినవాళ్ళూ, పిల్లతల్లుల్ని కొట్టినవాళ్ళూ ధైర్యంగా వండుకుని తిన్నారు.

మూడోరోజు పొద్దున జావ తెచ్చి ఇచ్చిన జుబేదాని అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"గ్యాసు రోజు."

"అప్పుడే ఎందుకు అడగలేదు?"

"మీరెందుకు చెప్పలేదు?" మంచం పక్కన నిలబడే మాట్లాడింది. "తర్వాత ఒకరోజు చూద్దామని నాలుగు రోజులు బయట పెట్టిన కూర వడ్డించాను. పాడై బుడగలు వచ్చాయి దానిమీద. ఒక్క ముద్ద తిని ఉమ్మేస్తారు, తిడతారు, అప్పుడు అడుగుదామనుకున్నాను. బాగా కుదిరింది అన్నారు." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ముప్పై రెండేళ్ళండీ. వేళ్ళు కాల్చుకుని ఎన్ని వండాను. ఆ ఒక్కమాట నా కుళ్ళిన కూరకి వచ్చింది."

గియాసుద్దీన్ గ్లాసులోంచి ఒక గుక్క తాగాడు. "జావ బాగుంది," అన్నాడు.

"అందులో ఉప్పు కూడా వెయ్యలేదు," అంది జుబేదా, గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

అమ్రీన్ నెల తర్వాత ఒక్కతే వచ్చింది. హాల్లో అంచున కూర్చుని, కారు తాళాలు చేతిలో తిప్పుతూ మాట్లాడింది. "పోతు సంగతి నాకు తెలుసబ్బా. సారీ. పొట్టలో కొట్టిన సంగతి ఐ స్వేర్ నాకు తెలీదు. ఆయనతో పది రోజులు మాట్లాడలేదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మాట్లాడుతున్నా. కాపురం కదా." లేచి నిలబడింది. "ఆయన ముందు ఇలా లేడబ్బా. మీ ఇంట్లోనే నేర్చుకున్నాడు."

ఇక్రాని ఎందుకు తీసుకురాలేదని అడగబోయి మానేశాడు.

జూన్ చివర్లో దాసు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. "అన్నా, కొండకి పోదామా?" అన్నాడు. గియాసుద్దీన్ లోపలికెళ్ళి రైఫిల్ తెచ్చుకున్నాడు. కెవిన్ పొలం పైన మంచు కరిగి నీళ్ళు కారుతున్న వాలులో, మధ్యాహ్నం వేళ, ఆడ సాంబర్ ఒకటి వచ్చి నిలబడింది. పిల్ల లేదు. గియాసుద్దీన్ బైనాక్యులర్‌తో పావుగంట చూశాడు. పొదుగు పొడిగా ఉంది. వీపు నిండుగా ఉంది. బిస్మిల్లా అన్నాడు. అది మోకాళ్ళ మీద కూలింది. పరుగున వెళ్ళి గొంతు కోశాడు. పొట్ట చీల్చగానే వేడి ఆవిరి లేచింది. ఇదివరకు ఆ ఆవిరిలోనే అతనికి సగం తెలిసిపోయేది. మోకరిల్లి, ఆ ఆవిరిలో మొహం పెట్టి, గుండెల నిండా పీల్చాడు. చెంపలకి వెచ్చదనం తగిలింది. అంతే.

"బాగుందా అన్నా?" అన్నాడు దాసు అలవాటుగా. వెంటనే నాలుక కరుచుకున్నాడు.

ఇంటికి తెచ్చి, వెన్నుకండ విడిగా తీసి, పళ్ళెంలో పెట్టి జుబేదా ముందుంచాడు. చలికాలమే అయినా దారిలో టైరు పంక్చరై ఆలస్యమైంది. ఐస్ కరిగి నీళ్ళయింది.

"కాస్త వాసన చూసి చెప్తావా? బాగుందో లేదో."

జుబేదా వంగి చూసింది. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

"బాగుంది," అంది.

"నిజంగా?"

"బాగుందన్నాను కదా."

అతను ఆమె కళ్ళలోకి వెతుకుతున్నట్టు చూశాడు. ఏ జంతువు ఎలా చచ్చిందో చెప్పగలిగిన మనిషికి, ఇన్నేళ్ళుగా ఎదురుగా తిరుగుతున్న మొహంలో నిజమేదో అబద్ధమేదో పోల్చుకోవడం చేతకాలేదు. జుబేదా పళ్ళెం తీసుకెళ్ళి వండింది. ఒక్క కంచమే పెట్టింది. తనకి పెరుగన్నం కలుపుకుని వంటింట్లో అటు తిరిగి కూర్చుంది.

"నువ్వు తినవా?"

"నాకొద్దు. మీరు తినండి."

గియాసుద్దీన్ ముక్క తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని నమిలాడు. ఉప్పు తగిలింది. కారం తగిలింది. మింగి, ఇంకో ముక్క తీసుకున్నాడు.